ఏడేండ్లు చెల్లె, ఆ తర్వాత తమ్ముడు

"రేపు పొద్దుగాల వీన్ని షాపుకు తీస్కపోయి నున్నగ కటింగ్ చేపిస్త, సూడు! అక్క చున్నీ చుట్టుకొని టీవీ ముందట ఆడుడేంది, ఆడంగి లెక్క?" అని మా కొడుకు.

"పిలగాని జుట్టు మీద చెయ్యేస్తే మర్యాద దక్కది. నువ్వు నవ్వితివి గనుకనే వాడు అన్నం ముట్టకుంట లోపటికి వోయిండు," అని నేను.

"నేను నవ్వింది సినిమా జూసి, అవ్వా. చీర గట్టిన మొగోన్ని జూస్తే నవ్వు రాదా?"

"టీవీ దిక్కు ఒకపారి, కొడుకు దిక్కు ఒకపారి జూసుకుంట నవ్వితివి. వానికి కండ్లు లేవనుకున్నవా?"

"గీ గారాబం మమ్ముల పెంచిననాడు యాడికి వోయిందే? ఎండకాలం ఫ్యాన్ గూడ ఎయ్యనియ్యకపోతివి!"

"ఫ్యాన్ తిరిగితే కరెంటు బిల్లు అయితది. పిలగాన్ని జూసి నవ్వకుంట ఉంటే ఏం బిల్లయితదిరా?"

అంత మాట అని నేనే లేచి టీవీ బందు చేసిన. నేను గారాబం చేసే మనిషిని కాదు. ఈ ఇంట్లో అగ్గిపుల్ల గీయాలన్నా నన్ను అడగాల్సిందేనని కోడలు చాటుకు అంటదని నాకు ఎరుకే. కానీ మొన్న ఏడేండ్లు నిండిన ఆ మనుమడు తెర మీది మనిషిని చూసి, తండ్రి మొఖం చూసి, చున్నీని మెల్లగ ఇప్పి మడత పెట్టి లోపలికి పోయిన తీరు చూసేసరికి, యాభై ఏండ్ల కిందటి ఒక మాట్నీ ఆట నా కండ్ల ముందట నిలవడ్డది. నా ఈడువాళ్లు చదివితే వాళ్లకూ ఎవరో ఒకరు యాదికి వస్తరని ఇది రాస్తున్న.

మాది జమ్మికుంట దగ్గర పల్లె. నా వెనుక మా అవ్వకు ఇద్దరు మగపిల్లలు పుట్టి నెల దాటకుండనే పోయిండ్రు. మూడోసారి మళ్లా మగపిల్లగాడే పుడితే, మగోడని తెలిస్తే వీన్ని గూడ కొంచబోతదని మృత్యువునే మోసం చేసినట్టు పుట్టిన తొమ్మిదోనాడే ముక్కు కుట్టించి, ఆడపిల్ల పేరు పెట్టి, ఏడేండ్లు నిండినంక కొండగట్టు మీద పుట్టెంటికలు తీపిస్తమని మొక్కుకున్నరు. మా దిక్కు అట్ల మొక్కిన ఇండ్లు చానా ఉండె. వాడికి నా పాత లంగాలే చిన్నగ చేసి కుట్టిండ్రు గనుక బట్టల ఖర్చు గూడ లేకపాయె. నేను తలకు నూనె రాసి జడ వేసేదాన్ని, బతుకమ్మకు చిన్న తాంబాళంల పూలు పేర్చి చేతికిచ్చేదాన్ని, ఊరంతా వాన్ని నా చెల్లె అనే అనేది, నేనూ చెల్లె అనే పిలిచేదాన్ని. అరవై తొమ్మిదిల తెలంగాణ గడబిడకు బడులు బందయి, మళ్లా తెరిచినంక నన్ను పంపలే. నా చదువు నాలుగో తరగతి కాడ ఆగింది, గనుక ఇంటి పట్టున నాకున్న జత వాడొక్కడే.

ఏడేండ్లు నిండినయి. బండి కట్టుకొని కొండగట్టు పోయినం. మంగలి కత్తి పెడుతుంటే వాడు కిక్కురుమనలే, గుండు అయినంక నిక్కరు తొడగబోతేనే ఏడుపు అందుకున్నడు. మా మేనత్త కొడుకుకు గూడ ఇదే మొక్కు ఉండె, లంగా ఇప్పిననాడు వాడు ఎగిరి గంతులేసి చెరువు కట్ట దాకా ఉరికిండు. మావాడు అట్ల కాదు. ఇంటికి వచ్చి నా లంగా ఒకటి పట్టుకొని వడ్ల గుమ్మి వెనుక కూసున్నడు. అవ్వ ఆ లంగాలన్నీ కోసి బొంతకు అతుకులేస్తనంటే వాటి మీదనే బోర్ల పడుకున్నడు. ఇది మొక్కు వల్ల వచ్చిందా, మొక్కుకంటె ముందే వాని లోపల ఉండెనా అనేది అప్పుడూ నాకు తెలువది, ఇప్పుడూ తెలువది. ఒక్కతీరుగ పెరిగిన ఇద్దరు పిల్లలు రెండు తీర్లుగ అయిండ్రన్నది మాత్రం కండ్లార చూసిన.

అవ్వ భయపడ్డది. మొక్కు తీరినంక గూడ ఆడేషం వదలకపోతే దేవునికి కోపమొస్తదని, మళ్లా ఏమన్నా అయితదని ఆమె బుగులు. ఇద్దరు పిల్లల్ని మన్నుల పెట్టిన తల్లి, ఆమెను తప్పు వట్టలేను. లంగా కట్టినప్పుడల్ల చింతబరికెతోని కొట్టేది, కొట్టి ఆమెనే ఏడ్చేది. వాడు తిండి తగ్గిచ్చిండు. మెడల ఎముకలు తేలినయి. మృత్యువుకు మస్కా కొట్టి దక్కించుకున్న పిలగాడు మా కండ్ల ముందటనే మళ్లా చేయి జారిపోతున్నట్టు ఉండె.

ఆ ఏడు పత్తి అమ్మిన రోజు బాపు మమ్ముల జమ్మికుంటల సినిమాకు తీస్కపోయిండు. రేకుల టాకీసు, నడుమ చెక్క అడ్డం, ఇటు ఆడోళ్లు, అటు మగోళ్లు. తమ్ముడు అవ్వ ఒడి ఇడువలే గనుక మా దిక్కే కూసున్నడు. సగం ఆట కాడ తెర మీద ఒక లావటి మనిషి, మీసాలు తీసేసి చీర గట్టుకొని, జడ ఊపుకుంట వచ్చిండు. తమ్ముడు చప్పున నా చెయ్యి వట్టుకున్నడు. "అక్కా, గాయిన గూడ నా లెక్కనే!" అన్నడు. కొండగట్టు నుంచి వచ్చినంక ఆ మొఖంల నేను వెలుగు చూసింది అప్పుడే. అంతల్నే తెర మీద అందరు ఆయన వెంట వడి, చీర గుంజి, చీపురుకట్టతో బాదిండ్రు. టాకీసు రేకులు లేచిపోయేటట్టు ఈలలు. అవ్వ కొంగు నోట్లె పెట్టుకొని నవ్వింది. నేను గూడ నవ్విన. తమ్ముని చెయ్యి నా చేతుల నుంచి ఎప్పుడు పోయిందో నాకు తెలువలే.

ఇంటికి వచ్చేటప్పుడు బండిల వాడు ఒక్కటే అడిగిండు, గాయిన ఏం జేసిండని కొట్టిండ్రు బాపు అని. బాపు ఎడ్లను అదిలించిండు. చానా దూరం పోయినంక, ఎడ్ల దిక్కే చూసుకుంట అవ్వతోని అన్నడు: "జడ వేసింది మనం, లంగా కట్టింది మనం. ఇయ్యాల కొట్టేది గూడ మనమేనా? బతికిండు, అది చాలదానే?"  ఇంటికి చేరినంక చింతబరికె అవ్వ చేతుల నుంచి పొయ్యిలకు పోయింది.

నాలుగు రోజులకు బాపు మట్టి తొక్కిండు. నేను తట్టలు మోసిన. వాకిలి చుట్టూ నడుమెత్తు ఉన్న గోడ మీద ఇంకో మూడు వరుసలు లేపిండు. పాత చెప్పుకు కుట్టు మీద కుట్టు వేయించే మనిషి, కూలి మనిషిని పెట్టుకొని మరీ లేపిండు. ఎందుకని అడిగినోళ్లకు మేకలు దుంకుతున్నయని చెప్పిండు. మేకలు మేసేటందుకు మా వాకిట్ల తులసిచెట్టు తప్ప ఏం లేకపాయె. ఆ తర్వాతి బతుకమ్మకు గోడ లోపల అవ్వ, నేను, లంగా కట్టిన తమ్ముడు, ముగ్గురమే చప్పట్లు కొట్టుకుంట తిరిగినం. ఊరికి తెలువదని కాదు; చూడనట్టు ఉండేటందుకు ఊరికొక సాకు దొరికింది, అంతే. బయట నిక్కరు, తర్వాత ధోతి, నాగలి, మోటబాయి, అన్ని పనులల్ల ముందట ఉండేటోడు. గోడ లోపలికి వస్తే వాని ఇష్టం. పెండ్లి సంబంధాలు వస్తే, ఇంకొకరి బిడ్డ గొంతు కోయనని బాపు తిప్పి పంపిండు.

ఎనభైలల్ల నా తొలికాన్పుకు పుట్టింటికి పోయేసరికి అవ్వకు కండ్లు మసకబారినయి. నా బాలింతతనం చేసింది తమ్ముడే. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, పీట మీద కూసుండి, రెండు కాళ్లు చాపి, పసిగుడ్డును బోర్లేసుకొని నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు వోసి, సాంబ్రాణి పొగ వేసి నిద్రపుచ్చేటోడు. నేను ఇప్పటికి ఎందరో పిల్లలకు నీళ్లు వోసిన, అంత పదిలంగ పోసిన చెయ్యి ఇంకోటి చూడలే. బాపు మంచాన పడ్డప్పుడు గూడ ఆ చెయ్యే ఎత్తింది, దించింది.

తర్వాత వీసీఆర్లు వచ్చినయి, టీవీలు వచ్చినయి. చూసిన ప్రతి సినిమాల మా తమ్మునసొంటి మనిషి, పొలం చేసేటోడు, పిల్లల పెంచేటోడు, కోపమొస్తే మొఖం ముడిచేటోడు ఒక్కడన్న కనబడుతడేమోనని ఎదురుచూసేదాన్ని. వస్తే నవ్వించేటందుకే వచ్చేది, నవ్వించి తన్నులు తినేది. మొన్నీమధ్య మనుమరాలు ఫోన్ల ఒక సినిమా చూపెట్టింది. అండ్ల అసొంటి పిలగాడే ఉన్నడు. ఎవరో ఒకరు కొడుతరని చివరిదాకా ఊపిరి బిగవట్టి చూసిన, ఎవరూ కొట్టలే. చదువుకున్నోళ్లు ఇప్పుడు వీటికి పేర్లు గూడ పెట్టిండ్రని చెప్పింది. మంచిదే. ఆ రేకుల టాకీసుల అసొంటి ఆట పడి ఉంటే, ఆ పొద్దు నా చెయ్యి ఖాళీ అయ్యేది కాదు. అయినా నేను ఏడ్వను. చదువురాని బాపు, భయస్తురాలైన అవ్వ కలిసి, ఎవరూ చెప్పకుండనే ఒక మనిషిని దక్కించిండ్రు, రెండుసార్లు. ఆ పుణ్యం నా పిల్లలు గూడ తిన్నరు.

ఆ మాటనే నిన్న సాయంత్రం టీవీ బందు చేసినంక కొడుకుతోని అన్న. వాని మామ సంగతి వానికి ఎరుకే, కానీ మా ఇంట్లో ఎవరం నోరు తెరిచి అనుకోం. "నువ్వు పుట్టినప్పుడు నిన్ను బోర్లేసుకొని నీళ్లు వోసిన కాళ్లు మీ అమ్మమ్మయి కావురా. మీ మామయి. చీర గట్టుకొనే పోసిండు. నవ్వుతవా, నవ్వు," అన్న. వాడు నవ్వలే. లేచి వాకిట్లకు పోయిండు.

పొద్దుగాల లేచేసరికి వాడు బండి తీసిండు, పిలగాన్ని ముందట కూసోపెట్టుకొని షాపుకే పోయిండు. కోడలు నా మొఖం చూసింది, నేను బియ్యం ఏరుకుంట తల ఎత్తలే. గంటకు తిరిగి వచ్చిండ్రు. కటింగ్ అయింది తండ్రికి. పిలగాని జుట్టు ఎట్లున్నది అట్లనే ఉన్నది. ఇద్దరు కాళ్లు కడుక్కొని పీటల మీద కూసున్నరు, నేను అన్నం పెట్టిన, పిలగాడు రెండోసారి అడిగి పెట్టించుకున్నడు.