మా అత్త చూసిన సాంఘికం

పోయిన నెల ఒక పెళ్ళికని మా చిన్నవాడితో కలిసి ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో పోతుంటే, మా ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు ఒక సినిమా డైరెక్టరు మీద వాదులాడుకుంటున్నారు. ఆయన మొదట్లో తిక్కతిక్కగా, ఇంకెవరికీ తోచని విధంగా సినిమాలు తీశాడట, ఇప్పుడు అందరిలాగే తీస్తున్నాడట. "ఆయప్ప పని అయిపోయిందిరా" అని ఒకడు. "నీకు అర్థం కాకుంటే ఆయప్ప పని అయిపోయినట్టా?" అని రెండోవాడు. కండక్టరు వచ్చి టిక్కెట్టు అడిగితే ఇద్దరికీ వినపడలేదు. మావాడు విసుక్కున్నాడు గానీ నాకు మాత్రం ఊరు అంత తొందరగా రాకుండా ఉంటే బాగుండుననిపించింది. పని అయిపోయిందనే సరిగ్గా ఆ మాటే, ఆ విసురుతోనే, నా పదహారో ఏట మా నాయన నోట విన్నాను. దాని మూలంగా మా ఇంట్లో జరిగింది అంతా ఇంతా కాదు.

మా నాయనది ఆదోనిలో పత్తి వ్యాపారం. ఆస్పరి వైపు నుంచీ, ఇంకా లోపలి పల్లెల నుంచీ బండ్లు వచ్చి మా మండీ ముందు ఆగేవి. గుప్పెడు పత్తి తీసుకుని, పోగు లాగి చూసి, ఒక్క మాటలో ధర చెప్పేవాడు నాయన. ఇంట్లోనూ అంతే, పొదుపుగా మాట్లాడేవాడు. సినిమా విషయం వస్తే మాత్రం ఆ పొదుపు ఎక్కడికి పోయేదో తెలియదు. అందులోనూ ఒక డైరెక్టరంటే ఆయనకు ప్రాణం. ఆ డైరెక్టరు పేరు చెప్పినా ఈ కాలం వాళ్ళకు తెలియదు. అన్నీ పౌరాణికాలే తీసేవాడు, కానీ అందరూ తీసినట్టు కాదు. కథ ఎంత జోరుగా పోతున్నా మధ్యలో ఏదో ఒక జంతువు వచ్చి అడ్డంపడేది. ఒకదాంట్లో యముడు పాశం పట్టుకుని బయలుదేరితే దారిలో దున్నపోతు మొరాయించి బురదగుంటలో పడుకుంటుంది. యముడు దిగి, కిరీటం తీసి గట్టున పెట్టి, దాని మెడ నిమురుతూ బతిమాలుకుంటాడు. ఈలోగా చావాల్సిన ముసలాయన ఇంటి ముందు కూర్చుని ఇంకో రొట్టె తింటాడు. ఇంకోదాంట్లో రంభ నాట్యం చేస్తుంటే ఒక పిల్లి వచ్చి ఇంద్రుడి ఒళ్ళో నిద్రపోతుంది. అది ఎక్కడ లేచిపోతుందోనని ఇంద్రుడు చప్పట్లు కొట్టడు, ఆయన కొట్టలేదని సభలో ఇంకెవరూ కొట్టరు, రంభకు ఏడుపొక్కటే తక్కువ. దేవుళ్ళను ఎగతాళి చేస్తున్నాడని ఊళ్ళో పెద్దమనుషులు కొందరు మండిపడేవారు. మా మండీలో మాత్రం ఆయన కొత్త బొమ్మ వస్తోందంటే చాలు, ఈసారి ఏ జంతువా అని పత్తి పక్కన పెట్టి మాట్లాడుకునేవారు.

నాయనకు ఒక్కతే చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేనాటికే అత్త మా ఇంట్లో ఉంది. బొట్టు లేదు, గాజులు లేవు, శుభకార్యాల్లో వెనక గదిలో ఉండిపోయేది. కానీ మా వంటింట్లో నవ్వులన్నీ ఆమె చుట్టూనే ఉండేవి. ఉల్లిగడ్డలమ్మే ఆమె నడకా, మండీకి వచ్చే దళారి గొంతూ అచ్చు దింపేసేది. నాయన ఆమెను చిన్నప్పటిలాగే "పాపా" అని పిలిచేవాడు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక సాహసం, ఆమెను సినిమాకు తీసుకుపోవడం. "దేవుని బొమ్మ కదప్పా, గుడికి పోయినట్టే" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకొచ్చేవాడు. ముందు తానొక్కడే పోయి చూసి, మర్నాడు అమ్మనూ అత్తనూ నన్నూ పిలుచుకుపోయేవాడు. హాల్లో చెక్క అడ్డుకు ఇవతల ఆడవాళ్ళం, అవతల మగవాళ్ళు. తెర మీద దేవుడు కనపడగానే అత్త దండం పెట్టేది, పెట్టిన చేతులు దించకముందే నవ్వు మొదలుపెట్టేది. ఇంట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, ఆ చీకట్లో గొంతు విప్పి నవ్వేది. అప్పుడు అవతలి నుంచి నాయన దగ్గు వినపడేది. అది మందలింపనుకునేదాన్ని. చెల్లెలి నవ్వు వింటే వచ్చే ఏడుపును నాయన అలా దగ్గుతో కప్పుకునేవాడని అమ్మ చాలాకాలం తర్వాత చెప్పింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఆ డైరెక్టరు మొట్టమొదటిసారి ఒక సాంఘికం తీశాడు. ఆదోనికి వచ్చిందని బండి మీద డప్పులు కొట్టి కాగితాలు పంచారు. నాయన అలవాటు ప్రకారం ముందు పోయి చూసి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని, "ఆయప్ప పని అయిపోయింది. మనం పోయే పని లేదు" అన్నాడు.

"ఏం జంతువు పెట్టినాడన్నా ఈ తూరి?" అని అత్త వడ్డిస్తూ అడిగింది.

"జంతువూ లేదు, ఏమీ లేదు. సుమ్నే, ఊరికే లెక్చర్లు."

ఆ వారమే మా మామ వచ్చాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు, ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళకు నూలు అమ్మేవాడు. ఆ డైరెక్టరు పిచ్చిలో నాయనకు ఏమాత్రం తీసిపోడు. ఇద్దరూ ఎప్పుడు కలిసినా ఆ దున్నపోతు గురించి మాట్లాడుకుని మురిసిపోయేవారు. ఈసారి మామ, ఆయన బొమ్మలన్నిట్లోకీ ఇదే గొప్పదన్నాడు. ఇక అరుగు మీద మొదలైంది.

"ఇన్నేండ్లకు మనుషుల కథ తీసినాడు బావా. నువ్వు దున్నపోతు లేదని ఏడుస్తాండావు."

"మనుషుల కథ కావాలంటే నా మండీలో కూసుంటే సాలు. దానికి టిక్కెట్టు ఏంటికి?"

"మారినాడను, ఒప్పుకుంటా. సెడినాడు అనొద్దు."

"నవ్వించేటోడు నవ్వించకుంటే సెడినట్టే కదప్పా."

దారిన పోయేవాళ్ళు ఆగారు. ఇద్దరు వ్యాపారులు నాయన పక్షం చేరారు, ఎదురింటి గుమాస్తా మామ పక్షం. అంతలో గడప లోపల నిలబడి వింటున్న అత్త, "ఇంతకీ కథేమప్పా?" అని అడిగింది. మామ నోరు తెరిచాడు. నాయన వైపు చూశాడు. మళ్ళీ మూసేశాడు. నాయన పైపంచె దులుపుకుని, అంగట్లో పనుందని లేచిపోయాడు. అంత వాదన అలా గాలి తీసినట్టు ఆగిపోవడం అందరికీ వింతగా ఉంది.

అత్త ఊరుకునే మనిషి కాదు. మామ వంటింట్లోకి మజ్జిగ తాగడానికి వచ్చినప్పుడు, "నాకు సెప్పకూడని కథా అది?" అంది. మామకు అబద్ధం రాదు. తల వంచుకుని, "నీలాంటి ఆడమనిషి కథ వదినా. వాళ్ళన్న దగ్గరుండి ఆమెకు మల్లా పెండ్లి సేస్తాడు" అన్నాడు. ఆమె అప్పుడు జొన్నపిండి జల్లిస్తోంది. జల్లెడ ఆపలేదు. పిండంతా అయ్యాక దాన్ని గోడకు తట్టి, "అయితే సూడాల" అంది.

మామ ఆ పూట భోజనం చేయకుండానే ఊరికి పోయాడు. నాయన కూడా ఉండమనలేదు. తర్వాత కొన్ని వారాలు మామ మా ఇంటి గడప తొక్కలేదు. సినిమా కోసం తమ్ముడూ భర్తా మాట్లాడుకోకుండా పోయారని అమ్మ కళ్ళు తుడుచుకునేది. నాయన మండీలో ఆ డైరెక్టరును ఇంకా గట్టిగా తిట్టేవాడు. ఆయన తిట్టేకొద్దీ, నిజంగా ఆయన మాట్లాడుతున్నది సినిమా గురించి కాదని నాకు అనుమానం పెరుగుతూ వచ్చింది.

అప్పుడు నాకు పెళ్ళయి, పత్తికొండలో కాపురానికి పంపడానికి ముహూర్తం చూస్తున్నారు. చీరలు ఎమ్మిగనూరులో మగ్గం మీది నుంచే తీసుకోవాలని అమ్మ పట్టు. అమ్మ ఊరు వదిలి కదలదు, నేతలో మంచిచెడ్డలు తెలిసింది అత్తకే. అందుకని నేనూ అత్తా మామ వాళ్ళింటికి పోయాం. మేం పోయేసరికి ఆ బొమ్మ ఆదోని వదిలి ఎమ్మిగనూరు సినిమా డేరాలోకి వచ్చి ఉంది. డేరాకు పోయే దారిలో అత్త నాతో, "అమ్మీ, మీ నాయనకు తెలీకుండా సేసే పని కాదు ఇది. సూసినాక నేనే సెప్తా. నువ్వు నడమ మాట్లాడాకు" అంది.

డేరాలో ఇసుక మీద కూర్చుని చూశాం. అందులో ఆ భర్త పోయిన ఆమె వెలుతురు లేని గదిలో కూర్చుని ఏడుస్తుంది, తులసికోట దగ్గర ఏడుస్తుంది, పాట పాడుతూ ఏడుస్తుంది. వాళ్ళన్న ఊరినెదిరించి పెళ్ళి చేస్తే మండపంలోనూ ఏడుస్తుంది. మా చుట్టూ ఆడవాళ్ళందరూ ముక్కులు చీదారు. నేనూ ఏడ్చాను, కాపురానికి పోయే దిగులు కూడా అందులో కలుపుకుని. మధ్యమధ్య అత్త ముఖం వైపు చూసేదాన్ని. చీర కొనేముందు అంచు తిప్పి చూస్తుందే, అలా చూస్తోంది తెర వైపు. బయటికి వచ్చాక మామ ఆత్రంగా, "ఎట్లుంది వదినా?" అన్నాడు. "మా అన్నకు సెప్పినాక నీకు సెప్తా" అంది. ఆ మాటతో మామకు నిద్ర పట్టలేదేమో, తిరుగు ప్రయాణంలో అడగకుండానే మాతో బండెక్కాడు.

మేం చేరేసరికి నాయన మండీ నుంచి వచ్చి నడవాలో చాప మీద కూర్చుని ఉన్నాడు. మామను చూసి ముఖం తిప్పుకున్నాడు. అత్త చీరల మూట దించి ఆయన ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఆ బొమ్మ సూసొచ్చినా."

చాప అంచు మీద పుల్ల ఒకటి లేచి ఉంటే నాయన దాన్ని లోపలికి దోపాడు. "ఏడ్చినావా పాపా?" అన్నాడు.

"నాకేడ మిగిల్చిందన్నా, ఏడుపంతా ఆయమ్మే ఏడ్చేసింది. నువ్వు సెప్పిందే నిజం. ఆయప్ప పని అయిపోయింది."

గుమ్మం దగ్గర నిలబడ్డ మామ ముఖంలో రక్తం లేదు. అత్త ఆయనకూ వినపడేలా అంది: "యముని దగ్గర కూడా తమాషా కనిపెట్టినాడు కదా, ఆ కన్ను ఏమైపాయ? నాలాంటి మనిషిని పెట్టి, ఒగ తూరన్నా నవ్వనీలేదు. మేము నవ్వమా? దినానికి పదిసార్లు నవ్వుతాం. ఆ ఇంట్లో ఒగ పిల్లి గూడా లేదు, దాచిన పాలు తాగిపోయేకి."

నాయన నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మా నాయన ఏడవడం నేను చూసింది అదే మొదలు. "అందులో అన్న పెండ్లి సేస్తాడే పాపా. అది సూసి నువ్వు నా మొగం సూస్తే నేను యాడ పెట్టుకోవాల తల?" అన్నాడు.

అదేం లేదులే అన్నా అని అత్త ఓదార్చి ఉంటే ఆ మాట నేను ఇంతకాలం గుర్తుపెట్టుకునేదాన్ని కాదు. "అడగాల అనుకున్న రోజులు ఉన్నాయిలే అన్నా" అంది మెల్లగా. "నీ మొగం సూసే అడగల్యా. ఆ రోజులు పోయినాయి. ఇప్పుడు నాకు నడమ తెరలు కట్టాకు. దేవుని బొమ్మయినా, మనిషి బొమ్మయినా తీస్కపో. బాగుందో లేదో నేను సెప్తా."

నాయన తల ఊపాడు. అమ్మ లోపలి నుంచి వచ్చి, అందరూ ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు, బొరుగులతో ఉగ్గాని చేశాను రమ్మంది. మామ నాయన పక్కనే కూర్చుని తిన్నాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడింది మిరపకాయ బజ్జీ గురించి మాత్రమే. అయినా అమ్మ మొహం వెలిగింది.

ఆ తర్వాత ఏ బొమ్మ వచ్చినా మా ఇంట్లో మొదటి ఆట అత్తదే. ఊళ్ళో గుసగుసలు లేకపోలేదు. ఎవరైనా నేరుగా అంటే నాయన, "మా పాప సూసి సెప్పాల, అప్పుడే నేను పోయేది" అని నోరు మూయించేవాడు. అత్త చెప్పిన తీర్పును మర్నాడు మండీలో తన సొంతమాటగా చెప్పుకుంటాడని మామే కనిపెట్టి ఆమెకు చెప్పాడు. ఆమె బాగా నవ్వింది. నేను పత్తికొండ నుంచి పుట్టింటికి వచ్చినప్పుడల్లా నాకు మొదట వినిపించే కబురు ఏ బొమ్మ తేలిపోయిందీ, ఏది నిలబడిందీ అనేదే. ఆ డైరెక్టరు ఇంకో మూడో నాలుగో తీశాడు. జనం ఆయన్ను మర్చిపోతూ వచ్చారు. అత్త మాత్రం ప్రతిదానికీ ఆశగా పోయేది, నిరాశగా వచ్చేది, మళ్ళీ పోయేది. ఎవరైనా ఆయన పని అయిపోయిందంటే మాత్రం ఊరుకునేది కాదు. "నేను అనొచ్చు. మీరెవరు అనేకి?" అనేది.

అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది. నాయన, మామ అంతకుముందే పోయారు. ఎమ్మిగనూరు డేరాలో ఇసుక మీద నా పక్కన కూర్చుని, ఆమె తెర వైపు చూసిన ఆ సాయంత్రం నాకు ఆమె చాలా పెద్దామెలా, అన్నీ చూసేసిన మనిషిలా కనిపించింది. బస్సులో కూర్చుని మొదటిసారి లెక్కవేశాను. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఇన్నాళ్ళూ నేను పెద్దదిక్కుగా తలుచుకుంటూ వచ్చింది ఒక చిన్నపిల్లను. కాలం నన్ను ముసలిదాన్ని చేసినందుకు నాకేమీ బాధ లేదు గానీ, మా అత్తను నాకంటే ఇంత చిన్నదాన్ని చేసి ఆ సాయంత్రంలోనే వదిలేసినందుకు మాత్రం ఆమె తల ఒక్కసారి నిమరాలనిపిస్తుంది.