గుర్రాల దొంగ మా ఇంట్లో ఉన్న పది రోజులు

మా తాతయ్య రామకృష్ణారావు ముప్ఫై నాలుగేళ్ళు రేపల్లె రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. ఏ పొలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో పాత దస్తావేజుల్లో వెతికి పట్టుకోవడం ఆయన పని. అలా వెతికి వెతికి చివరికి మనుషుల్ని కూడా దస్తావేజుల్లాగే చూడటం అలవాటైంది. ఇంటికి కొత్తవాళ్ళు ఎవరైనా వస్తే, అమ్మ మంచినీళ్ళు తెచ్చేలోపు వాళ్ళ ఇంటిపేరు, నాన్న పేరు, తాత పేరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎప్పుడు మారారో అన్నీ లాగేస్తాడు. మధ్యలో ఒక తరం చెప్పలేకపోతే మాత్రం, వాళ్ళకేదో జబ్బు ఉన్నట్టు జాలిగా చూసి, "లింకు తెగింది" అంటాడు.

నాన్నమ్మతో కలిసి దోహాలో మా దగ్గరకి వచ్చి ఆరేళ్ళయింది. మేముండేది ఐన్ ఖాలిద్‌లో, ఒక పెద్ద విల్లాని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చిన దాంట్లో వెనక వాటా. ఇక్కడ తాతయ్యకి వెతకడానికి దస్తావేజులు లేవు. ఎండ ముదరకముందే విల్లా గోడ చుట్టూ ఏడుసార్లు తిరుగుతాడు. తర్వాత మూలమీదున్న ముఖ్తార్ భాయ్ బకాలా కొట్టుకి వెళ్ళి మజ్జిగలాంటి ఆ లబన్ సీసా ఒకటి కొని, దానికోసం అరగంట కూర్చుంటాడు. ముఖ్తార్ భాయ్‌ది హైదరాబాద్ పాతబస్తీ. ఆయన దగ్గర నాలుగు తరాలు రాబట్టేశాక, మా వీధిలో తాతయ్యకి ఇక పని మిగల్లేదు.

పనిలేనివాడిని ఇంట్లో ఇంకొకణ్ణి ఉన్నాను. పన్నెండో తరగతి లెక్కలు నన్ను రెండుసార్లు వద్దన్నాయి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా అక్క భావన పప్పు వడ్డించుకుంటూ, ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా, మిక్కెల్‌ని పెళ్ళి చేసుకుంటానని చెప్పింది. అక్క అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. మిక్కెల్ నీల్సన్ కూడా అక్కడే అదే పని చేస్తాడు. డెన్మార్క్ వాడు. అంతకుముందు రెండుసార్లు మా ఇంటికి వచ్చి, గోంగూర పచ్చడి తిని, చెమటలు కక్కుకుంటూ ఇంకాస్త వేయించుకున్నాడు. అప్పుడెవరికీ అనుమానం రాలేదు. నాకొచ్చింది కానీ నన్నెవరూ అడగలేదు.

నాన్న అమ్మని చూశాడు. అమ్మ నాన్నని చూసింది. తర్వాత ఇద్దరూ కలిసి తాతయ్యని చూశారు. మా నాన్న భరణి నలభై మంది ఉన్న ఆఫీసుని నడుపుతాడు గానీ, ఇంట్లో ఫ్యాన్ వేగం కూడా తాతయ్యనడిగే పెంచుతాడు.

తాతయ్య కాదనలేదు, ఔననలేదు. చెయ్యి కడుక్కొచ్చి కూర్చుని అన్నాడు: "అటు ఏడు తరాలు చూడకుండా మన ఇంట్లో పిల్లనిచ్చింది లేదమ్మా. ఆ అబ్బాయిని ఏడు తరాలు పట్టుకురమ్మను. లింకు సరిపోతే నా చేత్తో అక్షింతలు వేస్తాను. సరిపోకపోతే మీరు చేసుకోండి, నన్ను మాత్రం రమ్మనొద్దు."

ఇది మర్యాదగా కాదనడమేనని మా అందరికీ అర్థమైంది. ఎక్కడి డెన్మార్క్, ఎక్కడి ఏడు తరాలు. అక్క మొహం పాలిపోయింది. ఎందుకంటే, తాతయ్య అక్షింతలు పడకుండా తను పెళ్ళిపీట ఎక్కదని చిన్నప్పట్నుంచీ చెప్పుకుంటూ తిరిగింది తనే. తాతయ్య ఆ మాట మీద ధైర్యంగానే ఉన్నాడు.

వారం తిరక్కుండా మిక్కెల్ అరవై నాలుగు కాగితాలు పట్టుకొచ్చాడు.

వాళ్ళ దేశంలో ఊరూరా చర్చిలో పుట్టినవాళ్ళూ పెళ్ళయినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరి పేర్లూ పుస్తకాల్లో రాసి ఉంచారట. ఆ పుస్తకాల పేజీలన్నీ ప్రభుత్వం ఇంటర్నెట్‌లో పెట్టిందట, ఎవరైనా చూసుకోవచ్చట. మిక్కెల్ వాళ్ళది జట్లాండ్ అనే చోట వ్యవసాయం చేసుకునే కుటుంబం. గోధుమలాంటి రై పంట, ఆవులు, పందులు. ఎన్ని ఎకరాలని తాతయ్య అడిగాడు. వాళ్ళ లెక్క వేరని మిక్కెల్ చెబితే, ఎకరాల్లోకి మార్చి చెప్పమన్నాడు.

కాగితాలు చేతికివ్వగానే తాతయ్య ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నిన్నగాక మొన్న ప్రింటు తీసిన కాగితాలవి. అయినా చూశాడు. ఆ క్షణం ఆయన పిల్లనివ్వకూడదన్న సంగతే మర్చిపోయాడని నా అనుమానం.

మర్నాటి నుంచి భోజనాల బల్ల ఆఫీసైంది. నేను గుమాస్తాకి గుమాస్తాని. ఆ పేజీల్లో రాత చీమలు సిరాలో మునిగి నడిచినట్టుంది. తమవాళ్ళున్న వరసల కింద మాత్రం మిక్కెల్ ఇంగ్లీషులో రాసిచ్చాడు. నేను చదవాలి, తాతయ్య భూతద్దం పెట్టి సరిచూడాలి, సరైతే ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. వంశవృక్షం గీయడానికి ముఖ్తార్ భాయ్ బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి విప్పి ఇచ్చాడు. ఎవరి వృక్షమని అడిగి, విన్నాక, దొరగారికి పిల్లనిస్తున్నారా అని నవ్వాడు. దొర కాదు, రైతని తాతయ్య కాస్త కోపంగానే చెప్పాడట.

మొదటి రోజు బండి బాగానే నడిచింది. మిక్కెల్ నీల్సన్, వాళ్ళ నాన్న సోరెన్ నీల్సన్, తాత హెన్నింగ్ నీల్సన్, ముత్తాత పీడర్ నీల్సన్, ఆపైన యెన్స్ నీల్సన్. అయిదు టిక్కులు. "పద్ధతైన వంశంరా" అని కూడా అన్నాడు తాతయ్య.

రెండో రోజు ఆ యెన్స్ నీల్సన్ తండ్రి దగ్గరకొచ్చాం. మిక్కెల్ రాసిచ్చిన పేరు నీల్స్ యెన్సన్.

తాతయ్య భూతద్దం దించాడు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఆపైన చదవమన్నాడు. నీల్స్ యెన్సన్ తండ్రి యెన్స్ నీల్సన్. ఆయన తండ్రి మళ్ళీ నీల్స్ యెన్సన్. తాతయ్య కాగితం తిరగేశాడు, నా కళ్ళజోడు తీసి తుడిచి నాకే పెట్టాడు. ఇంటిపేరు తండ్రికి ఒకటి, కొడుక్కి ఒకటా? దత్తత వెళ్ళాడేమో అనుకుంటే వరసగా అందరూ వెళతారా? పోనీ ఇల్లరికమా? ఇల్లరికం వెళ్ళినా ఇంటిపేరు మారదే. నాకూ ఏమీ తోచలేదు. నాకు తోచకపోవడం కొత్త కాదు, తాతయ్యకి తోచకపోవడం కొత్త.

మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు: ఈ నీల్స్ యెన్సన్ అసలు వీళ్ళవాడే కాదు. కుర్రాడు తెలియక పక్కింటి వాణ్ణి తండ్రిగా రాసుకున్నాడు. అసలు తండ్రి నీల్సనే అయి ఉండాలి, అదే ఊళ్ళో ఉండి ఉండాలి. మిక్కెల్ ఇచ్చినవి మొత్తం పేజీలు కదా, వాటిలో ఊరందరి పేర్లూ ఉన్నాయి. వెతకరా అన్నాడు.

నీల్సన్ అన్న రాత అప్పటికి కళ్ళకి అలవాటైంది కాబట్టి వెతికాను. దొరికాడు. ఆండర్స్ నీల్సన్. అదే ఊరు, వయసు కూడా సరిపోయింది. తాతయ్య మొహం వెలిగిపోయింది. ఆండర్స్‌ని పట్టుకుని, వాళ్ళ అన్నదమ్ముల్ని పట్టుకుని, ఇంకో పదకొండు మంది నీల్సన్లని అట్ట మీదకి ఎక్కించాడు. వృక్షం బిస్కెట్ల బొమ్మ దాకా పాకింది.

ఆండర్స్ చనిపోయినట్టు రాసిన పేజీలో పక్కన చిన్న అక్షరాలతో ఏదో రాసుంది. ఊరుకోవచ్చు కదా, నేను ఊరుకోలేదు. ఫోనులో తర్జుమా చేసి చూశాను. గుర్రాలు దొంగిలించి జైలుకెళ్ళి అక్కడే పోయాడట. వెంటనే తాతయ్యకి చదివి వినిపించాను. చాలా సంతోషంగా వినిపించానని ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు నుంచి గుర్రాల దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. కాఫీ దగ్గర ఉన్నాడు, నాన్న ఆఫీసు నుంచి రాగానే ఉన్నాడు. నాన్నకి చెప్పాడు తాతయ్య, అమ్మకి చెప్పాడు. అక్కకి చెప్పలేక నన్ను చెప్పమన్నాడు. అక్క విని, నా తల మీద ఒకటిచ్చి గదిలోకి వెళ్ళిపోయింది. తర్వాత రెండు రోజులు తాతయ్యకి మందుబిళ్ళలు ఇచ్చింది గానీ, రోజూ చెప్పే కబుర్లు చెప్పలేదు. ఆయన కూడా అట్ట ముందు కూర్చునేవాడు గానీ టిక్కులు పెట్టలేదు. గెలిచినవాడిలా లేడు.

దొంగ వచ్చిన పదో రోజు శుక్రవారం. మిక్కెల్ భోజనానికి వచ్చాడు. తాతయ్య అట్ట పరిచి, ఆండర్స్ మీద వేలు పెట్టాడు. మిక్కెల్ వంగి చాలాసేపు చూసి, వీళ్ళెవరని అడిగాడు. మీ వాళ్ళే అన్నాడు తాతయ్య. మిక్కెల్ బెదిరిపోయి అక్క వైపు చూశాడు.

తర్వాత జరిగిన అరగంటలో ఎవరికి ఎంత అర్థమైందో నేను చెప్పలేను. మిక్కెల్ చెప్పింది ఇదీ: పూర్వం వాళ్ళ పల్లెల్లో రైతులకి ఇంటిపేరే లేదు. తండ్రి పేరు వెనక 'కొడుకు' అని తగిలించుకోవడమే. నీల్స్ కొడుకు నీల్సన్, యెన్స్ కొడుకు యెన్సన్. కాబట్టి తరం తరానికీ మారిపోతుంది. చివరికి ప్రభుత్వం విసిగిపోయి, ఇక మార్చొద్దు, ఉన్నది ఉంచుకోండి అంది. అప్పటికి వీళ్ళ మీద నీల్సన్ ఉంది, అదే ఉండిపోయింది.

"మరి ఆడపిల్లలో?" అన్నాడు తాతయ్య.

యెన్స్ కూతురని పెట్టుకునేవాళ్ళట. అంటే ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నకి ఒక పేరు, చెల్లెలికి ఒక పేరు. తాతయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంటిపేర్లు వేరైతే పిల్లనిచ్చి పుచ్చుకోవచ్చన్నది ఆయన లోకం. "అయితే ఎవరు ఎవరికి ఏమవుతారో మీకెలా తెలిసేదయ్యా?" అని అడిగాడు. గుర్తుపెట్టుకునేవాళ్ళం అన్నాడు మిక్కెల్. తాతయ్యకి ఇది సమాధానంలాగా అనిపించలేదు. లింకు తెగిందో లేదో ఆయన తేల్చుకోలేకపోతున్నాడు. అక్క బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

మా నాన్నమ్మ శకుంతల అప్పటిదాకా వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే నన్ను పిలిచింది.

"ఒరేయ్, ఆ ఇంటిపేర్ల గోల వదిలేసి, ఉత్త పేర్లు చదవరా. పైనుంచి కిందకి."

చదివాను. నీల్స్. యెన్స్. నీల్స్. యెన్స్.

"ఇంకేం కావాలి మీకు? తాత పేరు మనవడికి పెట్టుకుంటూ వచ్చారు. మీ ఇంట్లో పెట్టుకోలేదా?"

మిక్కెల్‌కి అక్క చెవిలో చెప్పింది. వాడు గట్టిగా తలూపాడు. పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టాల్సిందేనట, పల్లెల్లో అది తప్పితే తప్పేనట. పీడర్ రెండో కొడుకు కాబట్టి అక్కణ్ణుంచి ఆ పేర్ల వరస వాళ్ళన్న వైపు వెళ్ళిందట.

నాన్నమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. భర్త పేరు నోటితో పలకదు కాబట్టి చుట్టూ తిప్పి చెప్పింది. "మీది మీ తాత గారి పేరు. ఆయనది ఆయన తాత గారిది. మీ నాన్న గారి పేరు మన భరణికి రావాలి. నక్షత్రం అన్నారు, భరణి అని పెట్టారు. మీ పేరు వీడికి రావాలి. స్కూల్లో నవ్వుతారని కోడలంది, మనీష్ అయ్యాడు. వాళ్ళది తెగలేదండీ. తెగింది మనదే."

ఆయన నా వైపు చూశాడు. రిజిస్టర్లో ఒక పేజీ చిరిగిపోయి కనబడితే ఎలా చూసేవాడో నాకప్పుడు తెలిసింది. నాకు నవ్వొచ్చింది, కొంచెం ఇంకేదో కూడా వచ్చింది. పేరు మార్చుకోమంటావా తాతయ్యా, లెక్కలు ఎలాగూ పాసవలేదు, కొత్త పేరుతో రాసి చూస్తాను అన్నాను. నోరుమూసుకోమన్నాడు.

ఆపైన ఎర్ర పెన్సిలు తీసి, నీల్స్ యెన్సన్ నుంచి పైదాకా ఒక్కొక్కరికీ టిక్కు పెట్టాడు. ఆండర్స్ మీదా ఆ పదకొండు మంది మీదా గీత కొట్టాడు. అట్ట కింద మూల, ముప్ఫై నాలుగేళ్ళు రాసిన మాటే రాశాడు: సరిచూడబడినది. కింద పొట్టి సంతకం, తేదీ.

అక్క ఆ సంతకం మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. మిక్కెల్‌కి మంచి వార్తో చెడ్డ వార్తో తెలియక నన్నడిగాడు. గుర్రం నీదే, దొంగ మాత్రం నీవాడు కాదు అన్నాను. వాడు ఇంకా అయోమయంలో పడ్డాడు.

పెళ్ళి మాటలు మొదలయ్యాయి. మిక్కెల్‌కి గోత్రం ఏం చెప్పాలని నాన్న ఫోనులో పురోహితుణ్ణి అడిగితే, తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చన్నాడాయన.

తర్వాత వచ్చిన అమావాస్యకి తాతయ్య వెనక వరండాలో పీట వేసుకుని, స్టీలు పళ్ళెంలో నువ్వుల నీళ్ళు వదులుతున్నాడు. తండ్రికి, తాతకి, ముత్తాతకి వదలడం ఎప్పుడూ చూసేదే. అన్నీ అయ్యాక ఇంకో దోసెడు తీసుకున్నాడు. ఎవరికని అడిగాను.

"ఆ ఆండర్స్ గాడికిరా. జైల్లో పోయాడు. పదిరోజులు మన ఇంట్లో పెట్టుకుని చివరికి గీత కొట్టేశాం. వాడికెవరున్నారో ఏమో."

"గోత్రం ఏం చెబుతావు?"

"కాశ్యపం."

"అయితే మిక్కెల్‌దీ అదే కదా తాతయ్యా. ఇద్దరూ ఒకే గోత్రమైతే మళ్ళీ దాయాదులైనట్టేగా?"

తాతయ్య దోసిలి అలాగే ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నాడు, మళ్ళీ మొదటికొచ్చి వేసుకున్నాడు.

"వెళ్ళి ఆ అట్ట పట్రా" అన్నాడు.