పెద్దముక్క

మా కోడలు ఫోనులో చూసి వంట చేస్తుంది. ఆఫీసు బస్సులో చూసిందంతా ఇంటికొచ్చి మా మీద ప్రయోగిస్తుంది. ఆ మంగళవారం పొద్దున చెప్పులేసుకుంటూ, “అత్తా, సాయంత్రం టాకోలు. పెద్దకూర కీమా తెండి నో” అంది. ఆ ‘నో’ బర్మా మాటల తోక. తెలుగులో ఏం చెప్పినా చివర తగిలిస్తుంది.

“టాకో అంటే ఏటి?”

“మెక్సికోవాళ్ళ తిండత్తా. మెత్తటి రొట్టెలో కీమా పెట్టి, మడిచి తినడమే.”

చపాతీలో కూర పెట్టుకుని తినడానికి మెక్సికో దాకా పోవాలా? ఈ బర్మాలో, మా పజుండౌంగ్ పేటలో వీధి చివర పలాటా అనే పరోటాల బండాయన ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నది అదే. పాపం, ఆయన్ని ఎవరూ వీడియో తియ్యలేదు.

కీమా అన్న మాటకి మరీ ఒళ్ళు మండింది. మా బాప్టిస్టు ఇళ్ళలో పెద్దకూర అంటే ముక్క. ఆదివారం చర్చి నుంచి రాగానే, పక్కింటి గంజాం హిందువుల వైపు కిటికీ మూసి పొయ్యి మీద పెట్టాలి. ఎంత ఉడికినా ముక్క విరగకూడదు. అన్నిటికన్నా పెద్దది, కొవ్వు అంచున్నది, ఇంట్లో పెద్దవాళ్ళ పళ్ళెంలో పడాలి. అదీ మర్యాద. కీమా కొట్టించేది మాంసం తక్కువై మనుషులు ఎక్కువైనప్పుడు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తల్లో మా అత్త నాకు నేర్పిన మొదటి పాఠం అది.

ఆ అత్తే ఇప్పుడు తిండి మానేసింది. రెండు నెలలుగా నాలుగు మెతుకులు, ఇంత చారు. ఏం పెట్టినా “ఆకలి లేదే” అంటుంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. క్లినిక్‌లో డాక్టరమ్మ, జబ్బేమీ లేదు, తినిపించండి, ఇలాగే ఉంటే మనిషి దక్కదు అంది. వండిపెట్టడం చేతకానిదానికి చెప్పినట్టు చెప్పింది. నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. ఆ వారం నుంచి ఇంకా పెద్ద ముక్క వేయడం మొదలుపెట్టాను.

మార్కెట్లో కీమా అడిగితే మాంసం కొట్టాయన నవ్వాడు. “చుట్టాలొచ్చారా ఆంటీ?” అన్నాడు. తల దించుకుని పొట్లం తీసుకున్నాను.

సాయంత్రం కరెంటు రాగానే కోడలు కొంగు బిగించింది. ఉల్లిపాయ, వెల్లుల్లి, కారం, జీలకర్ర పొడి వేసి కీమా వేయించి, ఇది మెక్సికో వాసన అంది. జీలకర్ర నా డబ్బాలోదే. రొట్టెల్లో ఒక్కటీ గుండ్రంగా రాలేదు. ఆరిపోతాయని వాటిని తడిగుడ్డలో చుట్టింది. వీడియోలో ఏదో ఆకు వేశారట, మనకి క్యాబేజీ. ఏదో క్రీము వేశారట, మనకి పెరుగు. ఇంత మార్చాక అందులో మిగిలిన మెక్సికో ఏమిటో నాకు అర్థం కాలేదు.

పెద్దావిడకి కీమా పెట్టి అవమానించడం నావల్ల కాదు. ఆదివారం కూరలోంచి దాచిన ముక్క వేడి చేసి, ఆవిడ పళ్ళెంలో వేశాను. కోడలు దాని పక్కన తన టాకో పెట్టింది.

అత్త టాకో అందుకుంది. తింది. రెండోది తింది. పెరుగు మణికట్టు మీదుగా కారుతుంటే నాకి, మూడోదానికి చెయ్యి చాపింది.

“ముక్క తినత్తా” అన్నాను.

ఆవిడ నోట్లోంచి కట్టుడుపళ్ళు తీసి ముక్క పక్కన పెట్టింది.

“నువ్వే తిను. ఇయి వదులైపోయి రెండు నెలలైనాది. నమిలితే ఊడొచ్చేత్తన్నాయి.”

“మరి నాకు సెప్పలేదేటి?”

“ఏటని సెప్పేది? పెద్దలకి పెద్దముక్క ఎయ్యాలని నీకు నేర్పినదాన్ని నేనే గదా. నాకు కీమా పెట్టమని నోరెలాగొత్తాది?”

కోడలు ఇది కనిపెట్టే టాకోలు పెట్టిందనుకుని, కాసేపు దాన్ని మనసులో మెచ్చుకున్నాను కూడా. గిన్నెలు కడుగుతూ అడిగితే, “నాకేం తెల్దత్తా, వీడియోలో బాగుందని” అంది. నా మెప్పు వృథా అయింది. ఇంత మంది ఆడవాళ్ళం ఉన్న ఇంట్లో, ఆకలితో ఉన్న మనిషి పళ్ళ సంగతి ఒక్కరమూ చూడలేదు. అందరికన్నా పనికిమాలినదాన్ని నేనే. పూటపూటా ఎదురుగా కూర్చుని వడ్డించాను.

టాకో మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. అది చపాతీయే.

మర్నాడు పొద్దున్నే మాంసం కొట్టుకి వెళ్ళి మళ్ళీ కీమా అడిగాను.

“చుట్టాలింకా వెళ్ళలేదా ఆంటీ?” అన్నాడు.

“చుట్టాలు కాదు, మా అత్తకి” అన్నాను. పక్కన నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.