మిరప మంట కాని వాపు

పొద్దున ఏడింటికి గుంటూరు బస్టాండులో ఇడ్లీ తిని సత్తెనపల్లి బస్సెక్కాను. నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. రొమ్ము క్యాన్సర్ వైద్యం తర్వాత కొందరికి చెయ్యి వాచే లింఫెడిమా గురించి అక్కడి చర్చి హాల్లో మాట్లాడమన్నారు. ఆపరేషన్ అయిన ఆడవాళ్లూ, పల్లెల్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీలూ వస్తారట.

దారిలో ఒక ఊళ్లో కరుణమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. మిరప కోతలకి వెళ్లే మనిషి. ఎడమ చెయ్యి కొంగులోంచి తీయడం లేదు. తనూ ఆ చర్చి హాలుకేనంది; అక్కడ మాట్లాడేది నేనే అన్నాక చూపించింది. మోచేతి పైదాకా వాచింది. కాయలు కోసిన మంటేనని వాళ్ల ఊరి డాక్టరు రెండు ఇంజెక్షన్లు చేశాడట.

“ఏ చేతికి?”

“వాచిన చేతికే. వాపక్కడుంటే ఇంకో చేతికెందుకు పొడుస్తాడమ్మా?”

నాకు ఒళ్లు మండింది. రొమ్ము ఆపరేషన్లో చంకలోని లింఫు గ్రంథులు తీసిన వైపు చేతికి సూది వీలైనంతవరకు వద్దంటాం. ఆ డాక్టర్ని కడిగేద్దామని ఫోన్లో మాటలు రాసుకుంటుంటే, ఆమె మెల్లగా అంది: “చెయ్యి వాచినట్టు ఇంట్లో తెలవదు. రోగం తిరగబెట్టిందనుకుంటారు. నా భయమూ అదే.”

హాల్లో ముందు వరసలోనే ఉన్నాడా డాక్టరు, తల నెరిసిన ఆర్‌ఎంపీ; కరుణమ్మే చూపించింది. నేను మొదలుపెట్టగానే లేచాడు.

“కోతలప్పుడు ఇక్కడ అందరి చేతులూ మండుతాయి, పొంగుతాయి. ఇది అదో కాదో ఎట్టా తెలుసుకోవాలి?”

రాసుకున్న తిట్లున్న ఫోన్ పక్కన పెట్టాను. మంటైతే రెండు చేతులకీ వస్తుంది, త్వరగా తగ్గుతుంది. ఇది ఆపరేషనైన వైపే బరువుగా ఉండిపోతుంది అని చెబుతుండగా, కరుణమ్మ వచ్చి రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఆయన నొక్కి చూశాడు. ఎడమ చేతి మీద వేలు పెట్టిన చోట గుంట అలాగే ఉంది.

“ఈ చేతికే గదా నేను సూదేసింది,” అన్నాడు.

“రోగం మళ్లీ వచ్చిందా?” అని ఆమె నన్నడిగింది.

చూసి చెప్పలేమన్నాను. రోగం తిరగబెట్టకుండానే ఇలా నీరు చేరడం మామూలేనని, అయినా పరీక్ష చేయించాల్సిందేనని చెప్పాను. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి అక్కణ్ణుంచే ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నారు. తోడు వస్తానన్నది ఆ ఆర్‌ఎంపీయే.

నాలుగింటి బస్సులో ఆమె చెయ్యి నా బ్యాగు మీద ఎత్తిపెట్టుకుంది, కొంగు లేకుండా. చెయ్యి విరిగిందా పెద్దమ్మా అన్నాడు కండక్టరు.

“విరగలా. రొమ్ము ఆపరేషనైంది, నీరు పట్టింది. మీ ఇళ్లల్లో ఎవరికన్నా అయితే ఆ చేతికి సూది పొడవనీయబాకండి.”

బస్సంతా తిరిగి చూసింది. ఇంట్లో ఏం చెబుతారని అడిగాను.

“మా ఊరోళ్లు వెనక సీట్లో ఉన్నారు. నాకంటే ముందే కబురు చేరుద్దిలే,” అని దిగింది.

ఫొటో తీద్దామని ఫోన్ బయటికి తీశాను గానీ తీయలేదు. కళ్లంలో ఆరబోసిన కాయల పక్కగా, రెండు చేతులూ ఊపుకుంటూ ఇంటివైపు నడుస్తోంది.