తుర్దిబాయ్ టకటక సైకిలు

మా తుర్దిబాయ్ అన్నకు చప్పుడంటే గిట్టదు. పెళ్లి విందులో పక్కవాడు టీ జుర్రితే "ష్!" అంటాడు. కోడి కూస్తే దాన్నీ "ష్!" అంటాడు. మార్గిలాన్ ఊళ్లో మా వీధి తలుపులన్నిటికీ ఎవరూ అడక్కుండానే నూనె వేసిన ఘనుడు. మా గేటు ఎప్పుడు తెరుచుకుందో తెలియక రెండుసార్లు మేక పారిపోయింది.

తెల్లవారుజామున బట్టీ నుంచి వేడి రొట్టెలు తెచ్చి ఇంటింటికీ వేయడం ఆయన పని. దానికోసం కొత్త సైకిలు కొన్నాడు. తొక్కినంతసేపూ బుద్ధిగానే ఉండేది. తొక్కడం ఆపితే చాలు, వెనక చక్రం నడిమి హబ్బు టకటకమని వీధి వీధంతా లేపేది. మొదటిరోజే రిపేరు షాపు కుద్రత్ మీద పడ్డాడు.

"కొత్త హబ్బు ఇలాగే మోగుతుందన్నా. దానికి జబ్బేం లేదు."

"నాకు జబ్బు చేసేలా ఉంది కదరా!"

ఇక తొక్కడం ఆపడమే మానేశాడు. పల్లంలో కూడా బ్రేకు పట్టుకుని మరీ తొక్కేవాడు. ఎవరైనా ఎదురైతే ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఇంటిల్లిపాది క్షేమం అడగాలి కదా. ఆగాలంటే తొక్కడం ఆపాలి. అందుకని ఓరోజు నేను ఎదురైతే నా చుట్టూ సైకిలు మీద తిరుగుతూ అడిగాడు.

"ఒంట్లో బాగుందా? మీ ఆవిడ బాగుందా? మనవడెలా ఉన్నాడు?"

ఆయనతోపాటు తల తిప్పీ తిప్పీ నా మెడ పట్టేసింది. "ఏం చెప్పమంటావన్నా! నెల తక్కువ పిల్లాడు. రాత్రంతా ఏడుపే. కోడలు పిల్ల సగమైపోయింది. తెల్లవారుజామున వాడు తీసే కునుకే మాకు దిక్కు."

"ష్! మెల్లగా చెప్పు," అని ఇంకో చుట్టు తిరిగాడు.

మర్నాడు గొర్రె తోక కొవ్వు కరిగించి హబ్బు నిండా పోశాడు. చప్పుడు చచ్చింది. చలికి కొవ్వు గడ్డకట్టి, సైకిలూ చచ్చింది. ఎంత తొక్కినా పెడళ్లే తిరుగుతాయి తప్ప చక్రం కదలదు. రొట్టెల బుట్టతో ఆయన తోసుకుంటూ ముందు, కొవ్వు వాసనకి కుక్కలు వెనక.

"అన్నా, సైకిల్లో పలావు వండుతున్నావా?" అని టీ కొట్టు దగ్గర ఒకటే నవ్వులు.

"ఆ కొవ్వేదో కడిగించుకోరాదూ?" అన్నాను నేను.

"ఇంకొన్నాళ్లు పోనీ," అన్నాడు, కుక్కని అదిలిస్తూ.

మనవడికి నలభై రోజులు నిండాయి. వాడు కాస్త ఒళ్లు చేశాడు. విందు పెట్టుకున్నాం. కోడలు నసీబా నన్ను పక్కకి పిలిచింది.

"మామయ్యా, మంచి మాంసం ముక్క తుర్దిబాయ్ పెదమామయ్యకి వెయ్యండి. ఆ సైకిలు వచ్చిన మొదటిరోజు చప్పుడికి బాబు ఉలిక్కిపడి లేచాడు. కిటికీలో నేను ఏడవడం ఆయన చూశారు. అంతే, మళ్లీ ఒక్కనాడూ చప్పుడు వినపడలేదు. ఎవరికీ చెప్పొద్దన్నారు. చెబితే అందరూ చనువు తీసుకుంటారట."

ఆయన రాగానే గట్టిగా కావలించుకోవాలనుకున్నాను. ఆయన ఒంటినిండా ఉండే కొవ్వు వాసన గుర్తొచ్చి మానుకున్నాను.

విందుకి ఆయన ఆలస్యంగా వచ్చాడు, కిరోసిన్‌తో హబ్బు శుభ్రంగా కడిగించుకుని. లోపల మనవడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తుర్దిబాయ్ వాకిట్లో సైకిలు తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం ఒక్క తిప్పు తిప్పాడు. టకటకటక! నసీబా పిల్లాణ్ని ఎత్తుకుని వచ్చింది. వాడు ఏడుపాపి కళ్లు ఇంతింత చేశాడు. చక్రం ఆగితే మళ్లీ ఏడుపు. తిప్పితే గప్‌చుప్. అన్న తిప్పుతూనే ఉన్నాడు.

"అబ్బ, ఏం చప్పుడన్నా!" అన్నాను చెవులు మూసుకుని.

"ష్!" అన్నాడు, నా వైపు చూడకుండా. "వాడు వింటున్నాడు."