చుక్క ఒకచోట, పేరు ఇంకోచోట

ఇంజనీరింగ్ చదివిన తెలుగువాళ్లలో సీనియర్ రికార్డు చూసి ఎక్కించనివాళ్లు అరుదు. సింగపూర్ వచ్చి, యూనివర్సిటీ ల్యాబులో నీళ్లు వడగట్టే పొరలు తయారుచేస్తున్నా మాకు ఆ అలవాటు పోలేదు. సీనియర్ ఎక్సెల్ ఫైలు జూనియర్‌కి వస్తుంది. అంకెలు మార్చుకుంటాం, చార్టు జోలికి పోం. ఇప్పుడా ఫైలు యూ టీ ఏరియా ఫ్లాట్‌లో నాతో ఉండే మా ల్యాబు సీనియర్, వరంగల్ అక్క చేతిలో ఉంది. ల్యాబులో అందరి అంకెలూ ఆమే అందులో ఎక్కిస్తుంది.

శుక్రవారం మీటింగులో ప్రొఫెసర్ చార్టు చూశారు. ఒక్కో పొరకు ఒక్కో చుక్క. ఎంత పైనుంటే అంత బాగా వడగట్టినట్టు. నా పొర పేరు అన్నిటికన్నా కింద ఉంది. సోమవారం నుంచి దాన్ని ఆపేసి, పైనున్న అక్క పొర మీదే పనిచేద్దామన్నారు. మొదటి పరీక్షలో నా పొర అడుగునే ఉంది, నిజమే. ఆ తర్వాత నెలల తరబడి దాన్ని బాగుచేస్తూ వచ్చాను.

ల్యాబు దగ్గరి బూన్ లే నుంచి ఇంటికి బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచన. మర్నాడు పొద్దున్నే అక్క ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచాను. పట్టికలో నాదే పెద్ద అంకె! పేర్లను మౌసుతో కదిపితే సంగతి తెలిసింది. అవి చుక్కలకు అంటుకుని లేవు. మొదటి పరీక్షప్పుడు టెక్స్ట్ బాక్సుల్లో టైప్ చేసి చార్టు మీద పెట్టినవి. ప్రతి పరీక్షకీ చుక్కలు కదిలాయి, పేర్లు పాతచోటే కూర్చున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పటికే చెప్పులేసుకుని నిలబడ్డ అక్కకు సంగతి చెప్పాను. "గా పేర్లు జర పక్కకు జరుపరాదె. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? కిందికి మకాన్‌కి పోయి ఏమన్న తినొద్దాం నడు."

"జరిపితే వచ్చే నెల మళ్లీ ఇదే గోల అక్కా. నేను రాను."

బాక్సులన్నీ తీసిపారేశాను. చుక్కలకే లేబుల్స్ పెట్టి, పేర్లు పట్టికలోంచి తీసుకొమ్మన్నాను. మొదట పై శీర్షికను కూడా కలిపి ఎంచుకోవడంతో పేర్లన్నీ ఒక్కో చుక్క అవతలికి తప్పాయి. పళ్లు కొరుక్కుంటూ మళ్లీ ఎంచుకున్నాను. ఈసారి ఒక్కో చుక్కనూ పట్టికతో సరిచూశాను.

నా పొర పైకి వెళ్లింది. అక్క పొర అడుక్కి దిగింది. అది నేను ఊహించలేదు. దాని మీదే ఆమె రెండో పేపరు రాస్తోంది. నాకు చాలా బాధేసింది, అయినా చార్టును వెనక్కి మార్చదలుచుకోలేదు.

"ఇది సార్‌కి పంపాలి అక్కా," అన్నాను.

అక్క చెప్పులు విప్పి వచ్చి పక్కన కూర్చుంది. తన చుక్క మీద వేలు పెట్టి, పట్టికలో అంకె చూసింది. తర్వాత ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది.

"నువ్వు పంపితే నీ పొర కోసం కొట్లాడుతున్నవనుకుంటడు సారు. నేను పంపుత," అంటూ తన మెయిల్ తెరిచింది.