ఏడు సీట్ల బండిలో నేనొక్కణ్ణే

మా అత్తగారి ఇంటిల్లిపాదినీ ఒకే మలుపులో పరలోకానికి పంపబోయిన అల్లుణ్ణి నేను. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం నా గుండె నోట్లోకొచ్చి పళ్లకు తగిలింది.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందట. మా ఆఫీసులో ఒకాయన జీపును చూసి నేను టైర్లు పెట్టించుకున్నాను. నా ఎస్‌యూవీకి ఏనుగు పాదాల్లాంటి టైర్లు! బిగించిన మట్టెవాడ మెకానిక్ సాయిలు నెత్తి గోక్కున్నాడు.

"అన్నా, ఒట్టి బండికైతే మంచిగనే ఉన్నయ్. మంది ఎక్కితే బండి కిందికి దిగుతది, మలిపినప్పుడు టైరు లోపల రాస్తది. జర నలుగురిని ఎక్కించి సూద్దామే."

"ఫికర్ చెయ్యకు, అన్ని చూసే తెచ్చిన," అన్నాను. నేను చూసింది ఫోటోలు.

ఆదివారం మా ఆవిడను, అత్తామామలను, ముగ్గురు బావమరదులను ఎక్కించుకుని పాలంపేట గుడికి బయల్దేరాను. మొదటి స్పీడ్‌బ్రేకర్ మీదే 'బర్ర్ర్' మంది, పిండిగిర్నీలో రాళ్లు పోసినట్టు.

"అల్లుడా, ఏం సప్పుడది?" అన్నాడు మామ.

"రోడ్డు బాగలేదు మామా."

రోడ్డు అద్దంలా ఉంది.

"ఏదో కాలుతాంది!" అని మా ఆవిడ ముక్కు మూసుకుంది.

"పొలంల గడ్డి కాలవెడుతున్నరు."

"ఇంత వానపడ్డంక గడ్డెవలు కాలవెడ్తరు?" అంది అత్త. రైతు బిడ్డకు అబద్ధం చెప్పకూడదండీ!

చెమటకు స్టీరింగ్ చేతుల్లో జారుతోంది. అంతలో మలుపు. తిప్పాను. సగం తిరిగి బిగుసుకుపోయింది. టైరు తన మీదున్న ప్లాస్టిక్ తొడుగును కొరికి దాన్లోనే ఇరుక్కుంది. ఎదురుగా వడ్ల లారీ!

"రామలింగేశ్వరా!" అని అత్త కేక.

నేను బ్రేకు మీద నిలబడ్డాను. లారీ జానెడు దూరంలో ఆగింది.

"దిగుండ్రి," అన్నాడు మామ. ఆరుగురూ దిగగానే బండి బరువు దించుకున్న ఎద్దులా పైకి లేచింది. పెద్ద బావమరిది చిరిగిన ప్లాస్టిక్‌ను పీకేశాడు. ఎటు తిప్పినా చప్పుడు లేదు. అత్త మళ్లీ ఎక్కి కూర్చుంది. బర్ర్ర్!

ఇక గుడికీ, గుడి నుంచి ఇంటికీ ముందు ఖాళీ ఎస్‌యూవీలో నేనొక్కణ్ణే. వెనక ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు ఆ ఆరుగురు.

"ముంగట బండి ఖాళీగనే పోతాంది, అండ్ల ఎక్కకపోతిరి?" అని ఆటో డ్రైవర్ అడిగాడట.

మామ నిట్టూర్చాడట. "అది మా అల్లునిది బిడ్డా. మనుషులెక్కితే ఏడుస్తది."

అందుకే ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా బండి టైరును వెంట్రుకవాసి కూడా పెంచను. వచ్చే జన్మ సంగతి, అప్పటి అత్తామామలను అడిగి చెబుతాను.